గెలిచిన రాష్ట్రంలో డెలిగేట్లు సగం సగం ఎందుకయ్యాయి? అమెరికా ప్రైమరీ లెక్క

మీరు అడిగినవి మూడు. 2016లో డెమొక్రాటిక్ పార్టీ పోటీలో వయోమింగ్ రాష్ట్రాన్ని బెర్నీ శాండర్స్ హిల్లరీ క్లింటన్ మీద 56–44తో గెలిస్తే డెలిగేట్లు 7–7 ఎలా అయ్యాయి? ఒకే రాత్రి ఒక్కో చానల్ ఒక్కో అంకె ఎందుకు చూపిస్తుంది? అమెరికా పౌరసత్వం తీసుకుని హైదరాబాద్ తిరిగొచ్చేసిన మీ అక్కగారికి ప్రైమరీలో ఓటుందా? మొదటిదానికి జవాబు పెద్దది. అది అర్థమైతే రెండోది సగం అర్థమైనట్టే. మూడోది చివర్లో చెబుతాను.

నేను టెక్సస్‌లో ఉంటాను. ప్రైమరీల సీజన్ వచ్చిందంటే పార్టీ తరఫున వాలంటీరుగా తిరుగుతాను, రాత్రిళ్లు కూర్చుని ఈ లెక్కలు వేసుకుంటాను. ఇది నా ఉద్యోగం కాదు, పిచ్చి అంతే.

ముందు అసలు సంగతి. మన దగ్గర పార్టీ బీ-ఫారం ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది. అక్కడ అధ్యక్ష పదవికి ఆ బీ-ఫారం ఎవరికో ప్రైమరీ అనే ముందస్తు ఓటింగ్‌లో ఓటర్లు తేలుస్తారు, కానీ నేరుగా కాదు. వాళ్ల ఓట్లను బట్టి ప్రతి రాష్ట్రం నుంచి కొందరు ప్రతినిధులు పార్టీ జాతీయ కన్వెన్షన్‌కు వెళతారు. వాళ్లే డెలిగేట్లు. కన్వెన్షన్‌లో సగం కంటే ఒకటి ఎక్కువ ఎవరికొస్తే వాళ్లే అభ్యర్థి. 2024లో రిపబ్లికన్లకు మొత్తం 2,429 మంది డెలిగేట్లు, గెలవడానికి 1,215 కావాలి. దేశం మొత్తం మీద ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది టీవీలో మాట్లాడుకోవడానికి బాగుంటుంది గానీ, నియమాల్లో దానికి చోటు లేదు.

ఇప్పుడు వయోమింగ్. ఆ ఏడాది డెమొక్రాట్లకు ఆ రాష్ట్రంలో ఓటింగ్‌తో తేలే డెలిగేట్లు 14 మంది. 14ని 56 శాతంతో గుణిస్తే 7.8 వస్తుంది, కాబట్టి 8–6 రావాలి కదా అనుకుంటాం. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందంటే, ఆ 14 ఒకే కుప్ప కాదు. మూడు కుప్పలు. కాంగ్రెషనల్ డిస్ట్రిక్టు (మన లోక్‌సభ నియోజకవర్గం లాంటిది) కోటా 8, రాష్ట్రస్థాయి కోటా 4, పార్టీ నాయకులకూ ప్రజాప్రతినిధులకూ కేటాయించిన కోటా 2. ఏ కుప్పకు ఆ కుప్పనే విడిగా పంచి, విడిగా సర్దుతారు. శాండర్స్‌కు వచ్చింది 55.7 శాతం. ఎనిమిదిలో ఆయన వాటా 4.46. పూర్తి అంకెల కింద ఆయనకు 4, హిల్లరీ క్లింటన్‌కు 3 పోగా ఒకటి మిగిలింది. మిగిలినదాన్ని భిన్నం ఎవరిది పెద్దదైతే వాళ్లకిస్తారు. ఆయన భిన్నం .46, ఆమెది .54. ఆ సీటు ఆమెకే పోయింది, 4–4. రెండో కుప్పలో నాలుగుకు ఆయన వాటా 2.23, కాబట్టి 2–2. మూడో కుప్పలో రెండుకు 1.11, కాబట్టి 1–1. మొత్తం 7–7. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. పన్నెండు శాతం ఆధిక్యం మూడుచోట్లా సర్దుబాటులోనే కరిగిపోయింది.

ఇదే నిష్పత్తి 2024లో అమెరికన్ సమోవాలో మళ్లీ కనపడింది. పసిఫిక్ సముద్రంలో చిన్న దీవులవి. అక్కడివాళ్లకు నవంబరులో అధ్యక్షుడికి ఓటు లేదు గానీ ప్రైమరీల్లో డెలిగేట్లున్నారు. జేసన్ పామర్ అనే, దేశంలో ఎవరికీ పెద్దగా తెలియని అభ్యర్థికి 51 ఓట్లు, అధ్యక్షుడిగా ఉన్న జో బైడెన్‌కు 40 ఓట్లు వచ్చాయి. వందలు, వేలు కాదు, ఓట్లే అన్ని! అక్కడా 56–44. ఆరుగురు డెలిగేట్లు, 3–3. బైడెన్ ఓడిపోయారని ప్రపంచమంతా వార్త వచ్చింది, డెలిగేట్లలో మాత్రం ఆయన కోల్పోయింది ఏమీ లేదు.

డెమొక్రాట్ల పద్ధతిలో ఇంకో మెలిక 15 శాతం గీత. ఆ శాతం రాని అభ్యర్థికి ఆ కుప్పలో ఏమీ ఉండదు. గీత దాటినవాళ్ల ఓట్లను మాత్రమే కలిపి, వాళ్ల మధ్యే పంచుతారు. ఈ గీత రాష్ట్రం మొత్తానికి ఒకసారి, ఒక్కో డిస్ట్రిక్టుకు మరోసారి విడిగా చూస్తారు. అందుకే రాష్ట్రంలో 13 శాతమే వచ్చిన అభ్యర్థి కూడా తనకు బలమున్న ఒకటి రెండు డిస్ట్రిక్టుల్లో డెలిగేట్లను పట్టుకుపోతారు.

దీని ప్రభావం లెక్క వేసి చూస్తే గానీ తెలియదు. ఒక డిస్ట్రిక్టులో ఐదుగురు డెలిగేట్లు ఉన్నారనుకోండి. మొదటి అభ్యర్థికి 41 శాతం, రెండో అభ్యర్థికి 30, మూడో అభ్యర్థికి 14, మిగతా 15 చిల్లరగా చీలిపోయింది. మూడో మనిషి గీత కింద ఉండిపోయాడు. మిగిలిన ఇద్దరివీ కలిపితే 71. అందులో 41 అంటే ఐదుకు 2.89, 30 అంటే 2.11. ఫలితం 3–2. ఇప్పుడు మొదటి ఇద్దరివీ కదిలించకుండా, మూడో మనిషికి చిల్లరలోంచి ఇంకో రెండు శాతం వచ్చి 16 అయిందనుకోండి. ముగ్గురివీ కలిపితే 87. వాటాలు 2.36, 1.72, 0.92 అవుతాయి. పూర్తి అంకెలు 2, 1, 0. మిగిలిన రెండు సీట్లు పెద్ద భిన్నాలకు, అంటే మూడో మనిషికీ రెండో మనిషికీ పోతాయి. ఫలితం 2–2–1. మొదటి అభ్యర్థికి ఒక్క ఓటు కూడా తగ్గలేదు, డెలిగేట్ మాత్రం ఒకరు తగ్గారు. రెండో స్థానంతో సమానమైపోయారు. అభ్యర్థులు ఎక్కువమంది ఉన్న ఏడాది, మూడో స్థానంలో ఉన్నవాళ్లు 14 దగ్గర ఆగుతారా 16 దాకా వస్తారా అని అందరికంటే ఎక్కువ టెన్షన్ పడేది మొదటి స్థానంలో ఉన్నవాళ్ల ఆఫీసులో.

ఇద్దరే పోటీలో ఉంటే ఆట సరి బేసిల మీద నడుస్తుంది. నాలుగు డెలిగేట్లున్న డిస్ట్రిక్టులో 51 శాతం వచ్చినా 2–2, 60 శాతం వచ్చినా 2–2. మూడోది దక్కాలంటే 62.5 శాతం దాటాలి. అదే ఐదున్న డిస్ట్రిక్టులో ఒక్క ఓటు ఆధిక్యం చాలు, 3–2. కానీ అక్కడ నాలుగోది కావాలంటే 70 శాతం దాటాలి. ఆరున్నచోట నాలుగోదానికి 58.3 శాతం. ఈ అంకెలు చేతిలో ఉన్నవాళ్లకు డబ్బు ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలుస్తుంది. నాలుగు సీట్ల డిస్ట్రిక్టులో మీకు 55 శాతం ఖాయంగా వస్తుందంటే అక్కడ టీవీ ప్రకటన కొనడం దండగ. పక్కనే ఐదు సీట్ల డిస్ట్రిక్టులో 49 దగ్గర ఊగుతుంటే జనాన్నంతా అక్కడికి పంపాలి.

2008లో బరాక్ ఒబామా బృందం ఈ పనే చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 5న, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూస్‌డే రోజు, హిల్లరీ క్లింటన్ న్యూజెర్సీ గెలిచారు. మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న రాష్ట్రం కాబట్టి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 54–44తో గెలిస్తే డెలిగేట్లు 59–48, అంటే ఆమెకు నికరంగా 11 లాభం. అదే రోజు ఐడహోలో కాకస్ (బూత్‌లో ఓటేసి వెళ్లిపోవడం కాక, పార్టీవాళ్లు ఒకచోట సమావేశమై అభ్యర్థిని తేల్చే పద్ధతి) జరిగింది. డెమొక్రాట్లకు బొత్తిగా బలం లేని రాష్ట్రమది, పాల్గొన్నవాళ్లు ఇరవై వేల చిల్లర. న్యూజెర్సీలో పది లక్షలు దాటారు. ఐడహోలో ఒబామాకు ఎనభై శాతం దాకా వచ్చింది, డెలిగేట్లు 15–3, నికర లాభం 12. ఇరవై వేలమంది వచ్చిన రాష్ట్రం పది లక్షలమంది వచ్చిన రాష్ట్రాన్ని కొట్టేసి, పైన ఇంకొకటి మిగిల్చింది. ఆ రాత్రి హెడ్‌లైన్లన్నీ కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ గెలిచిన క్లింటన్‌వి. లెక్క తేలాక డెలిగేట్లలో కొద్దిగా ముందున్నది ఒబామా.

అందుకే నన్నడిగితే, ‘ఏ రాష్ట్రం ఎవరు గెలిచారు’ అన్న ప్రశ్నే పక్కన పెట్టేయాలి. ‘ఎక్కడ, ఎంత తేడా’ అన్నదొక్కటే చూడాలి. ఈ పద్ధతిలో నూరు డెలిగేట్ల ఆధిక్యం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, దాన్ని పూడ్చాలంటే పెద్ద పెద్ద రాష్ట్రాల్లో 60, 65 శాతం తెచ్చుకోవాలి. 51–49 గెలుపులు పది వచ్చినా పూడదు. ఆ ఫిబ్రవరిలో ఒబామా వరసగా పదకొండు పోటీలు గెలిచి సంపాదించిన ఆధిక్యం ఆ తర్వాత మళ్లీ క్లింటన్‌కు అందలేదు. మార్చిలో, ఏప్రిల్‌లో ఒహాయో, పెన్సిల్వేనియా ఆమె గెలిచినా సరే.

ఆ మార్చి 4నే మా టెక్సస్ వంతు. అప్పట్లో ఇక్కడ పగలు ప్రైమరీ, రాత్రి కాకస్. రెంటికీ వేర్వేరు డెలిగేట్లు: 193లో 126 పగటి ఓటుకు, 67 రాత్రి సమావేశానికి. పగలు ఓటేసినవాళ్లే రాత్రి ఏడుంబావుకు అదే చోటికి మళ్లీ రావాలి. మా దగ్గర అది ఒక బడి భోజనాల హాలు. పిల్లలు కూర్చునే పొట్టి బల్లలు, వాటి మీద సంతకాల కాగితాలు, పేరు, చిరునామా, పక్కన ‘క్లింటన్’ అనో ‘ఒబామా’ అనో రాయాలి. అంతకుముందు పది పదిహేనుమంది వస్తే గొప్ప. ఆ రాత్రి వరస హాలు దాటి పార్కింగ్ దాకా వెళ్లింది. రాసుకునే కాగితాలు చాలక తెల్లకాగితాల మీద గీతలు కొట్టి పంచాం. చంకలో నిద్రపోతున్న పిల్లాడితో ఒకావిడ రెండోసారి వరసలో నిలబడి, ‘పొద్దున వేశానుగా, మళ్లీ ఎందుకు?’ అని నన్ను నిలదీసింది. ఆమె కోపం న్యాయమైనదే. నైట్ షిఫ్టు ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు, ముసలివాళ్లు రాత్రి రాలేరు. వచ్చేవాళ్లు కుర్రాళ్లు, పార్టీలో తిరిగేవాళ్లు. కాకస్ మీద నాకున్న అభ్యంతరం ఇప్పటికీ అదే.

ఫలితం చూడండి. పగటి ఓటులో క్లింటన్ 51–47తో గెలిచారు, డెలిగేట్లు 65–61. రాత్రి కాకస్‌లో ఒబామాకు 38, ఆమెకు 29. మొత్తం 99–94. టీవీలో టెక్సస్ గెలిచింది క్లింటన్, డెలిగేట్లలో గెలిచింది ఒబామా.

పగటి ఓటులో నాలుగు శాతం ఆధిక్యానికి నాలుగే డెలిగేట్లు ఎందుకొచ్చాయన్నది ఇంకా ఆసక్తికరం. టెక్సస్ డెమొక్రాట్లు సీట్లను కాంగ్రెషనల్ డిస్ట్రిక్టుల వారీగా కాక, రాష్ట్ర సెనేట్ డిస్ట్రిక్టులు 31కి పంచారు. అదీ జనాభాను బట్టి కాదు. అంతకుముందు ఎన్నికల్లో డెమొక్రాటిక్ అభ్యర్థులకు ఎక్కడ ఎక్కువ ఓట్లు పడ్డాయో అక్కడ ఎక్కువ. ఆస్టిన్‌లో ఒక డిస్ట్రిక్టుకు ఎనిమిది, హ్యూస్టన్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువున్న డిస్ట్రిక్టుకు ఏడు వచ్చాయి. మెక్సికో సరిహద్దు పొడవునా ఉన్న హిస్పానిక్ డిస్ట్రిక్టులకు మూడు నాలుగు చొప్పునే. క్లింటన్ బలమంతా ఆ సరిహద్దు వెంట, ఒబామా బలం ఆస్టిన్, హ్యూస్టన్, డాలస్‌లలో. ఓటింగ్ మొదలుకాకముందే పటంలో ఆయనకు అనుకూలత ఉంది. దాన్ని ఎవరూ కావాలని ఆయన కోసం చేయలేదు, పాత ఎన్నికల ఓటింగ్ అలా తెచ్చిపెట్టింది. 2016 నుంచి ఈ రెండంచెల పద్ధతి ఇక్కడ లేదు. పోయినందుకు నాకు బాధ లేదు.

ఇప్పటిదాకా చెప్పింది డెమొక్రాట్ల సంగతి. రిపబ్లికన్ల దగ్గర ఇందులో సగం చెల్లదు. అక్కడ ప్రతి కాంగ్రెషనల్ డిస్ట్రిక్టుకు మూడు, ప్రతి రాష్ట్రానికి పది, జాతీయ కమిటీలో ఉన్న ఆ రాష్ట్రపు ముగ్గురు సభ్యులకు మూడు, పైగా ఆ రాష్ట్రంలో పార్టీ గెలిచిన పదవులను బట్టి బోనస్. పంచే పద్ధతిని మాత్రం చాలామటుకు రాష్ట్ర పార్టీకే వదిలేస్తారు. మార్చి 15కు ముందు ఓటింగ్ పెట్టుకునే రాష్ట్రాలు ఓట్ల నిష్పత్తిలో పంచాలన్న నియమం ఉంది. అందులోనూ సందులున్నాయి: 20 శాతం దాకా గీత పెట్టుకోవచ్చు, ఎవరికైనా 50 శాతం దాటితే అన్నీ వాళ్లకే ఇచ్చేయొచ్చు. 2024లో కాలిఫోర్నియా రిపబ్లికన్లు పెట్టుకున్నది అదే, సగం దాటితే మొత్తం 169 ఒకరికే. అందరికంటే ముందు ఓటింగ్ జరిపే కొన్ని రాష్ట్రాలకు ఆ నిష్పత్తి నియమం నుంచి కూడా మినహాయింపు.

ఆ మినహాయింపు ఉన్నవాటిలో సౌత్ కరోలినా ఒకటి. ఈ ఒక్క రాష్ట్రం చూస్తే చాలు. 50 డెలిగేట్లు. వాటిలో 29 రాష్ట్రం మొత్తం మీద మొదటొచ్చినవాళ్లకు, మిగతా 21 ఏడు డిస్ట్రిక్టుల్లో డిస్ట్రిక్టుకు మూడు చొప్పున అక్కడ మొదటొచ్చినవాళ్లకు. 2016లో డొనాల్డ్ ట్రంప్‌కు అక్కడ వచ్చింది 32.5 శాతం. మూడింట రెండొంతులమంది ఆయనకు వేయలేదు. కానీ రాష్ట్రంలోనూ ఏడు డిస్ట్రిక్టుల్లోనూ మొదటి స్థానం ఆయనదే కాబట్టి 50కి 50 ఆయనకే. 2024లో అదే రాష్ట్రంలో, అక్కడే గవర్నరుగా చేసిన నిక్కీ హేలీకి 39.5 శాతం వచ్చింది. ఆమెకు దక్కినవి మూడంటే మూడు, సముద్రతీరంలో చార్లెస్టన్ వైపున్న ఒకే డిస్ట్రిక్టు గెలిచినందుకు. 32.5 శాతానికి యాభై, 39.5 శాతానికి మూడు.

మార్చి 15 నుంచి రాష్ట్రాలు మొత్తం ఒకరికే కట్టబెట్టుకోవచ్చు. 2016లో సరిగ్గా ఆ రోజే ఫ్లోరిడాలో ట్రంప్ 46 శాతంతో 99కి 99 పట్టుకుపోయారు. సొంత రాష్ట్రంలో ఓడిన మార్కో రూబియో ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకున్నారు. అదే రోజు ఒహాయోలో 66కి 66 అక్కడి గవర్నర్ జాన్ కేసిక్‌వి. ప్రత్యర్థులు చీలి ఉన్నంతకాలం మొదటొచ్చినవాడికి సగం ఓట్లు అక్కర్లేదు. ప్రైమరీలన్నీ ముగిసేసరికి ట్రంప్‌కు వచ్చిన ఓట్లు 45 శాతం దగ్గరే, డెలిగేట్లు మాత్రం ఆ ఏడాది అవసరమైన 1,237 దాటిపోయాయి. అదే ఓట్లు డెమొక్రాట్ల నియమాల్లో పడి ఉంటే కన్వెన్షన్ దాకా రచ్చ నడిచేదని నా అంచనా.

అలాగని రిపబ్లికన్లవన్నీ కఠినమనుకోకండి. వాళ్ల అయోవా కాకస్‌లో గీతే లేదు. 2024 జనవరిలో 40 డెలిగేట్లకు ట్రంప్‌కు 20, రాన్ డిసాంటిస్‌కు 9, హేలీకి 8, వివేక్ రామస్వామికి 3. ఆయనకు వచ్చింది 7.7 శాతమే. 40తో గుణించి చూసుకోండి, 3.08 వస్తుంది, అంటే మూడు. డెమొక్రాట్ల 15 శాతం గీత ఉంటే ఆయనకు సున్నా. ఆ రాత్రే ఆయన తప్పుకున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక మాట మర్చిపోకూడదు. డెలిగేట్ అంటే అంకె కాదు, మనిషి. ఓటింగ్ రాత్రి టీవీలో చూపేది ఫలానా అభ్యర్థికి ఇన్ని కుర్చీలు అని. ఆ కుర్చీల్లో కూర్చునే మనుషుల్ని చాలా రాష్ట్రాల్లో తర్వాత వేరే సమావేశాల్లో ఎన్నుకుంటారు. 2012 అయోవా రిపబ్లికన్ కాకస్‌లో మొదట మిట్ రామ్నీ ఎనిమిది ఓట్లతో గెలిచారన్నారు. రెండు వారాలకు, కాదు రిక్ శాంటోరమ్ 34 ఓట్ల ఆధిక్యంలో ఉన్నారన్నారు. వాళ్లిద్దరూ ఆ గొడవలో ఉండగా, మూడో స్థానంలో వచ్చిన రాన్ పాల్ మనుషులు కౌంటీ (మన జిల్లా లాంటిది) సమావేశాలకు, ఆ పై రాష్ట్ర సమావేశానికి ఓపిగ్గా వెళ్లి కూర్చున్నారు. చివరికి జాతీయ కన్వెన్షన్‌లో అయోవా 28 ఓట్లలో 22 రాన్ పాల్‌కు పడ్డాయి. ఆ దెబ్బతో రిపబ్లికన్లు నియమం మార్చి, రాష్ట్రస్థాయి ఓటింగ్ జరిగితే కన్వెన్షన్‌లో ఓటింగ్ మొదటి రౌండులో డెలిగేట్లు దానికి కట్టుబడాల్సిందేనని బిగించారు.

ఇల్లినాయ్‌లో ఇంకో రకం. 2016లో అక్కడి రిపబ్లికన్ బ్యాలెట్‌లో డిస్ట్రిక్టు డెలిగేట్ల పేర్లు కూడా ఉన్నాయి, పక్కన వాళ్లు ఏ అభ్యర్థి మనుషులో రాసి ఉంది. ఒకే డిస్ట్రిక్టులో ట్రంప్ మనుషులు ముగ్గురుంటే ముగ్గురికీ దాదాపు ఒకేలా ఓట్లు పడాలి కదా! పడలేదు. దక్షిణాసియా, ముస్లిం పేర్లున్నవాళ్లకు మిగతావాళ్లకంటే వేలల్లో తగ్గాయి. తన ఓటర్ల వల్లే ట్రంప్ అక్కడ డెలిగేట్లు పోగొట్టుకున్నారు. ఇలాంటివి జాతీయ మొత్తంలో కనపడవు.

డెమొక్రాట్ల డెలిగేట్లను ‘ప్లెడ్జ్‌డ్’ (మాటకు కట్టుబడినవాళ్లు) అంటారు గానీ, నియమంలో ఉన్నది ఎన్నుకున్నవాళ్ల అభిప్రాయాన్ని మనస్సాక్షిగా ప్రతిబింబించాలి అన్న మాటే. 2024లో అది పనికొచ్చింది. దాదాపు 3,900 మంది డెలిగేట్లు చేతిలో ఉన్న బైడెన్ జులై 21న తప్పుకోగానే వాళ్లంతా ఎవరికీ చెందని మనుషులైపోయారు. ఆయన ‘వీళ్లను కమలా హారిస్‌కు ఇస్తున్నాను’ అని రాసిచ్చేది ఏమీ లేదు. ఆమె బృందం రాష్ట్రాలవారీగా ఫోన్లు చేసి మద్దతు కూడగట్టుకోవాల్సి వచ్చింది. రెండు వారాల్లో ఆన్‌లైన్ ఓటింగ్‌తో అది ముగిసింది.

ఇక మీ రెండో ప్రశ్న, చానళ్ల తేడా. దీనికి పెద్ద కారణం ఒకప్పుడు సూపర్ డెలిగేట్లు. డెమొక్రాటిక్ ఎంపీలు, గవర్నర్లు, జాతీయ కమిటీ సభ్యులు, మాజీ అధ్యక్షులు ఏ ప్రైమరీతో పని లేకుండా డెలిగేట్లవుతారు. 2015 నవంబరులో, ఒక్క ఓటూ పడకముందే, అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఈ సూపర్ డెలిగేట్లకు ఫోన్లు చేసి ఆరా తీస్తే క్లింటన్ వైపు 359 మంది, శాండర్స్ వైపు 8 మంది. వీళ్లను కలిపి చూపే చానల్‌లో ఆమె కొండంత ముందుంటారు, కలపని చానల్‌లో నువ్వా నేనా అన్నట్టుంటుంది. న్యూ హాంప్‌షైర్‌లో శాండర్స్ 60–38తో చితక్కొట్టి 15–9 తెచ్చుకుంటే, ఆమె వైపున్న ఆరుగురు సూపర్ డెలిగేట్లను కలిపి కొన్నిచోట్ల 15–15 అని చూపించారు. శాండర్స్ అభిమానులు మండిపడ్డారంటే పడరా మరి! 2018లో పార్టీ నియమం మార్చింది. ఫలితం ముందే తేలిపోయి ఉంటే తప్ప, మొదటి రౌండులో సూపర్ డెలిగేట్లకు ఓటు లేదు. అప్పటి నుంచి చాలా సంస్థలు వాళ్లను మొత్తంలో కలపడం మానేశాయి.

ఇప్పుడు మిగిలిన తేడా లెక్కింపు నుంచి వచ్చేది. అక్కడ ఓట్లు కౌంటీల వారీగా బయటికొస్తాయి, డెలిగేట్లు మాత్రం డిస్ట్రిక్టుల వారీగా పంచాలి. ఒకే కౌంటీ మూడు నాలుగు డిస్ట్రిక్టుల్లోకి చీలి ఉంటే, ఏ ఓటు ఏ డిస్ట్రిక్టుదో తేలేదాకా పంచలేరు. కాలిఫోర్నియాలో పోస్టు ఓట్లు వారాల తరబడి లెక్కపెడతారు. ఈలోగా 14.8 శాతం దగ్గరున్న అభ్యర్థి గీత దాటొచ్చు, దాటకపోవచ్చు. దాటితే అందరి వాటాలూ మారిపోతాయి. ఒక సంస్థ ఇవన్నీ అంచనా వేసి ఇచ్చేస్తుంది, ఇంకొకటి తేలినవే ఇచ్చి మిగతావి ‘ఇంకా కేటాయించలేదు’ గడిలో ఉంచుతుంది. నేను ఆ గడి పెద్దదిగా ఉన్న పట్టికనే నమ్ముతాను. 2020లో అయోవా డెమొక్రాట్ల కాకస్ ఫలితాలు యాప్ మొరాయించి రోజుల తరబడి రాలేదు. వచ్చాక చూస్తే ఓటేసిన మనుషుల లెక్కలో శాండర్స్ ముందు, ఆ ఓట్లతో రాష్ట్ర సమావేశానికి దక్కే డెలిగేట్ల లెక్కలో 26.2–26.1తో పీట్ బూటిజెజ్ ముందు. అసోసియేటెడ్ ప్రెస్ విజేతను ప్రకటించనేలేదు. చివరికి జాతీయ డెలిగేట్లు బూటిజెజ్‌కు 14, శాండర్స్‌కు 12.

పట్టికలు చూసేటప్పుడు పోటీ నుంచి తప్పుకున్నవాళ్ల వరసను కూడా గమనించండి. అభ్యర్థులు ‘విరమించుకున్నాను’ అనకుండా ‘ప్రచారం ఆపుతున్నాను’ అంటారు చూశారా, ఊరికే కాదు. చాలా రాష్ట్రాల్లో అలా అంటే అప్పటిదాకా వచ్చిన డెలిగేట్లు వాళ్ల పేరుమీదే ఉంటారు. 2024లో హేలీ మార్చిలో ఆగిపోయినా ఆమె 97 మంది డెలిగేట్లు జులైలో ఆమే వదిలేసి ట్రంప్‌కు వేయమనేదాకా ఆమె ఖాతాలోనే ఉన్నారు.

మీ అక్కగారి విషయం. ఆవిడ పౌరురాలు కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నా ప్రైమరీలో ఓటుంది. గ్రీన్ కార్డు మాత్రమే ఉన్నవాళ్లకు లేదు. రెండు దార్లున్నాయి. మొదటిది, అమెరికాలో చివరగా ఎక్కడ ఉండేవారో ఆ ఊరి ఎన్నికల ఆఫీసుకు ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్ పంపితే బ్యాలెట్ పంపిస్తారు. ఏ ఏడాదికి ఆ ఏడాది పంపుకోవడం మంచిది. ఆ రాష్ట్రంలో పార్టీ పేరుతో నమోదైనవాళ్లకే ప్రైమరీ ఓటు అన్న నియమం ఉందేమో ముందే చూసుకోవాలి, ఆ మార్పుకు గడువు చాలాచోట్ల ఓటింగ్‌కు వారాల ముందే అయిపోతుంది. రెండోది డెమొక్రాట్లకు మాత్రమే ఉన్న దారి: డెమొక్రాట్స్ అబ్రాడ్‌లో సభ్యురాలిగా చేరి వాళ్ల గ్లోబల్ ప్రైమరీలో వేయడం. విదేశాల్లో ఉన్నవాళ్లందరినీ ఒక రాష్ట్రంలా చూసి పార్టీ డెలిగేట్లనిస్తుంది. 2020లో 13 ఇస్తే శాండర్స్‌కు 9, బైడెన్‌కు 4 వచ్చాయి. రిపబ్లికన్లకు ఇలాంటిది లేదు కాబట్టి ఆవిడ ఆ పార్టీవారైతే మొదటి దారే. డెమొక్రాటైతే రెంటిలో ఒకటే ఎంచుకోవాలి, అక్కడా ఇక్కడా వేయకూడదు. ఆవిడ ఉండిన రాష్ట్రం పేరు చెబితే అక్కడి గడువులేమిటో చూసి రాస్తాను.